ఇథియోపియాలో తెలుగు మాస్టారు

గచ్చిబౌలిలో చీకటి పడ్డాక పనికి బయలుదేరే వాళ్ళను చాలామందిని చూడవచ్చు. వాళ్ళు చేసే పని అమెరికావంటి దూరదేశాల వారి కోసం. మనకు రాత్రి అయితే అక్కడ పగలు. కాబట్టి దేశం మారితే వేళ మారుతుందన్న సంగతి గచ్చిబౌలి పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. అయితే వేళతోబాటు గంటలు లెక్కపెట్టే పద్ధతే మారిపోయే దేశం ఒకటున్నది. అది ఆఫ్రికాలోని ఇథియోపియా. మన తెలుగు ఉపాధ్యాయులు ఎందరో అక్కడికి వెళ్ళి పాఠాలు చెప్పారు.

వారు అంత దూరం వెళ్ళటానికి కారణం ఉన్నది. 1936లో ఇటలీ ఆ దేశాన్ని ఆక్రమించింది. 1937లో చదువుకున్న యువకులను ఎందరినో పొట్టన పెట్టుకున్నది. 1941లో దేశం తిరిగి స్వతంత్రమయేసరికి అక్కడ చదువు చెప్పేవాళ్ళకు కరువు వచ్చింది. హైలే సెలాసీ చక్రవర్తి విదేశాలనుంచి ఉపాధ్యాయులను పిలిపించాడు. వారిలో మన దేశంవారు చాలామంది ఉన్నారు. తరవాతి కాలంలో అక్కడ కొత్త విశ్వవిద్యాలయాలు వెలిసినప్పుడు కూడా తెలుగువారు వెళ్ళారు. పై తరగతుల చదువు ఇంగ్లీషులో సాగటం వారికి కలిసివచ్చింది.

అటువంటి మాస్టారు ఒకరు మొదటిరోజు బడికి వెళుతున్నారనుకుందాం.

ముందునాడు హెడ్మాస్టరు, "రేపు రెండు గంటలకు రండి," అన్నాడు. మన మాస్టారు భోజనం చేసి, తీరికగా బయలుదేరితే ఆ రోజు పాఠం కాస్తా తప్పిపోతుంది! ఎందుకంటే, ఇథియోపియావారు సూర్యోదయంనుంచి గంటలు లెక్కపెడతారు. మనం ఉదయం ఏడు అనేది వారికి ఒంటిగంట. ఎనిమిది అనేది రెండు. ఆ దేశం భూమధ్యరేఖకు దగ్గర కావటంచేత అక్కడ ఏడాది పొడుగునా సూర్యుడు ఇంచుమించు ఒకే వేళకు ఉదయిస్తాడు. అందుచేత ఈ లెక్క చక్కగా సరిపోతుంది. ఇది మనకు పూర్తిగా కొత్త కూడా కాదు. మన పంచాంగంలోనూ దినం సూర్యోదయంతోనే మొదలవుతుంది. వారి ఒంటిగంట అంటే మన లెక్కన పొద్దు పొడిచాక రెండున్నర ఘడియలు!

మాస్టారు తరగతిలో ప్రవేశించి హాజరుపట్టీ తెరిచారు. అక్కడివారికి ఇంటిపేర్లు లేవు. తన పేరు తరవాత తండ్రి పేరు చేర్చుకుంటారు. 1992లో బార్సిలోనా ఒలింపిక్సులో పదివేల మీటర్ల పరుగు గెలిచిన దెరార్తు తులు పేరులో "దెరార్తు" ఆమె పేరు, "తులు" తండ్రి పేరు. రెండో మాట పెట్టి పిలిస్తే తండ్రిని పిలిచినట్టే! మన మాస్టారేమో ఇంటిపేరు ముందు రాసుకుంటారు. పిల్లలు ఆ ఇంటిపేరే ఆయన పేరనీ, అసలు పేరు ఆయన తండ్రిదనీ అనుకుంటారు.

తరవాత ఆయన నల్లబల్లమీద తేదీ వేశారు. పిల్లల పుస్తకాలలో మరో తేదీ ఉన్నది. వారి ఏడాదికి పదమూడు నెలలు. పన్నెండు నెలలకు ముప్ఫయ్యేసి రోజులు, పదమూడో నెలకు అయిదో ఆరో. వారి సంవత్సరం మన లెక్కకు ఏడెనిమిదేళ్ళు వెనక ఉంటుంది. 2007 సెప్టెంబరు 12న వారు 2000వ సంవత్సరాది చేసుకున్నారు.

పాఠం కొంత చెప్పి, "అర్థమయిందా?" అని మాస్టారు ఒక కుర్రవాణ్ణి అడిగారు. వాడు చటుక్కున ఊపిరి లోపలికి పీల్చాడు. భయపడ్డాడేమోనని ఆయన కంగారుపడ్డారు. కాని అక్కడ అలా ఊపిరి పీలిస్తే, "అవును," అని అర్థం!

ఇన్ని కొత్తలమధ్య ఆయనకు ఒక పాత నేస్తం కూడా కనిపించింది. అమ్హారిక్ లిపిలో 33 అక్షరాలు, ఒక్కొక్కదానికి ఏడేసి రూపాలు, మొత్తం 231 ఉన్నాయి. అక్షరానికి అచ్చు తోడయినకొద్దీ దాని ఆకారం కాస్త కాస్త మారుతుంది. అంటే అది మన గుణింతమే! ఇంగ్లీషు పలకమీద అక్షరాలు దిద్దినవాడికంటే తెలుగు గుణింతం దిద్దినవాడికి ఈ పద్ధతి త్వరగా పట్టుబడుతుంది.

విదేశంలో ఉపాధ్యాయుడి మొదటిరోజు ఇలా గడుస్తుంది. తనకు తెలియనిది పిల్లల్ని అడగటానికి సిగ్గుపడే మాస్టారు మర్నాడు కూడా తప్పు పేర్లే పిలుస్తారు. అడిగి తెలుసుకునే మాస్టారికి తరగతి అంతా ఉత్సాహంగా పాఠం చెబుతుంది. ఆ తరవాత ఆయన చెప్పే పాఠం పిల్లలు మరింత శ్రద్ధగా వింటారు.

అమ్హారిక్ భాషలో విద్యార్థిని "తెమారి" అంటారు, ఉపాధ్యాయుణ్ణి "అస్తెమారి" అంటారు. తెమారి నేర్చుకునేవాడు, అస్తెమారి నేర్పేవాడు. రెండు మాటలూ ఒకే ధాతువునుంచి పుట్టాయి. మనకు "నేర్చు", "నేర్పు" ఉన్నట్టే. మీ తరగతిలోకి వేరే రాష్ట్రంనుంచో, వేరే దేశంనుంచో ఎవరైనా కొత్తగా వస్తే, మొదటిరోజు వారికి మీరే అస్తెమారి!