యంత్రబుద్ధికి కట్టుబాటు వలదా?

"కృత్రిమ మేధ" యను మాట నేడు వార్తాపత్రికలలోనే గాక వంటయింటి ముచ్చటలలో గూడ వినబడుచున్నది. పిల్లల లెక్కలకు జవాబు చెప్పునది, ఉత్తరములు వ్రాసిపెట్టునది, బొమ్మలు గీయునది, మనుష్యుల కంఠమును అచ్చముగా ననుకరించునది యీ యంత్రబుద్ధియే. దీనిని ప్రభుత్వములు చట్టముచే నదుపుచేయవలెనా, తన దారిని పోనీయవలెనా యని దేశదేశములందు వాదములు జరుగుచున్నవి. ఇది ఇంజనీర్లకును, మంత్రులకును సంబంధించిన సంగతి గదా, గృహిణుల కిందు పనియేమి యని కొందరు సోదరీమణు లనుకొనవచ్చును. కాని యీ వ్యవహారము మన బియ్యపు కార్డు వరకును, మన యాడపిల్లల మానమర్యాదల వరకును వచ్చినది. అందుచే దీనిని గూర్చి మేము నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

నెల్లూరు తీరమున నివసించువారి కిట్టి ప్రశ్న క్రొత్తది గాదు. 1990 ప్రాంతమున నీ తీరమునందు రొయ్యల చెరువులు విరివిగా వెలసినవి. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట ప్రాంతములలో పైరుపచ్చని పొలముల ప్రక్కనే యుప్పునీటి చెరువులు త్రవ్వబడినవి. వానివలన లాభము కలిగినమాట నిజమే. కాని చెరువుల చెంతనున్న పల్లెలలో త్రాగునీరు ఉప్పనైనదను మొర గూడ నప్పుడే బయలుదేరినది. చెరువుమీది రాబడి యొకరిది. దూరపు నీటికై బిందె మోసిన నడుము మరియొకరిది. సర్వోదయ కార్యకర్త యగు ఎస్. జగన్నాథన్ గారు సుప్రీంకోర్టు నాశ్రయింపగా, 1996 డిసెంబరు 11వ తేదీన తీర్పు వెలువడెను. తీరపు నిషిద్ధ ప్రాంతమునందలి చెరువులను తొలగింపవలెననియు, నష్టపడినవారికి పరిహార మీయవలెననియు న్యాయమూర్తు లాజ్ఞాపించిరి. ఆ తొలగింపు పూర్తిగా జరుగనే లేదు. 2005లో పార్లమెంటు వేరొక చట్టము చేసి, చెరువులను రిజిస్టరు చేయించుకొని నియమములకు లోబడి సాగించుకొన ననుజ్ఞ యిచ్చినది. ఆ నియమములే మొదట నుండినచో నింత తగవు వచ్చియుండెడిది గాదు. ఉప్పనైన బావిని తీయనిదిగా జేయగల చట్టము లేదు. ఆలస్యముగా వచ్చిన చట్టము చేయగలిగినది మిక్కిలి స్వల్పము.

యంత్రబుద్ధి విషయమున బావు లప్పుడే కొన్ని యుప్పనైనవి. తెలంగాణ ప్రభుత్వము "సమగ్ర వేదిక" యను కంప్యూటరు ఏర్పాటు నొకదానిని నిర్మించినది. వాహనముల లెక్క, ఆస్తుల లెక్క మొదలగు వేర్వేరు శాఖల పద్దులలోని పేర్లను, చిరునామాలను పోల్చి, ఏ కుటుంబము పేదదో, ఏది కాదో చెప్పుట దీని పని. 2014 మొదలు 2019 వరకు ఆ రాష్ట్రమున 18 లక్షలకు పైగా ఆహారభద్రత కార్డులు రద్దయినవి. యంత్రపు లెక్కను నమ్మి, ఇంటికి వచ్చి విచారింపకయే, ముందుగా నోటీసైన నీయకయే రద్దుచేసిరని సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. రద్దయిన కార్డులను క్షేత్రమునకు పోయి మరల విచారింపవలసినదని 2022 ఏప్రిలులో కోర్టు ఆజ్ఞాపించెను. ఆ యేడు జూలై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తులలో 15,471 కుటుంబములు కార్డునకు అర్హములేయని తేలినది. రిక్షా త్రొక్కి జీవించిన వాని పేరునకు వేరొకరి కారు నంటగట్టి యంత్రము ధనికునిగా లెక్కించుటచే, అతని యిల్లాలు బియ్యమును పోగొట్టుకొన్న వృత్తాంతము 2024 జనవరిలో పత్రికల కెక్కినది. గుమాస్తా తప్పు చేసినచో బోయి యడుగవచ్చును. యంత్రము తప్పుచేసినచో నెవరి నడుగవలెను?

ఇక రెండవ యుదాహరణము. 2023 నవంబరులో ప్రసిద్ధ చలనచిత్ర నటి రష్మిక మందన్నగారి ముఖమును వేరొక స్త్రీ దేహమున కతికించిన దృశ్య మొకటి దేశమంతటను వ్యాపించెను. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాలో నొక యువకుని పట్టుకొనిరి. తన పేజీని చూచువారి సంఖ్య పెంచుకొనుటకే యాతడట్లు చేసెనని వారు తెలిపిరి. ఆమె ప్రసిద్ధురాలు గనుక దేశమంతయు నామె పక్షమున మాటాడినది. అట్టి యాపద యొక కాలేజీ పిల్లకు కలిగినచో? ఆమె చదువు మాన్పించి యింట గూర్చుండబెట్టు పెద్దలు మనలో లేరా? తప్పు మరియొకడు చేయగా శిక్ష పిల్లకు పడుట మనమెరుగని సంగతి గాదు.

చట్టము వలదనువారి మాటను గూడ మనము వినవలెను. క్రొత్త విద్యను మొలకలోనే త్రుంచరాదని వారందురు. అది యుక్తమే. తుపాను రాకను ముందుగా నూహించుటకును, చదువురానివారికి కాగితమును తెలుగున చదివి వినిపించుటకును ఈ విద్య తోడ్పడగలదు. తుపానులకు నెలవైన మన తీరమున దానిని నిషేధింపుడని యెవ్వరు గోరుదురు? భారత ప్రభుత్వము 2025 నవంబరులో ప్రకటించిన మార్గసూత్రములలో, ప్రస్తుతము ప్రత్యేక చట్టము వలదనియు, ఉన్న చట్టములే చాలుననియు నభిప్రాయపడినది. ఐరోపా సమాజము వేరు దారి పట్టినది. 2024 ఆగస్టు 1 నుండి అమలులోనికి వచ్చిన వారి చట్టము యంత్రములను, వానివలని యపాయమును బట్టి తరగతులుగా విభజించినది. ఆట వస్తువున కొక న్యాయము, మనుష్యుని యుద్యోగమును, సహాయమును తేల్చుదాని కొక న్యాయము. మాకీ దారియే సమంజసముగా తోచుచున్నది. కత్తిపీటను నిషేధించువారు లేరు; అయినను పసిబిడ్డ చేతి కందని చోట నుంచుట యిల్లాలి ధర్మము.

మన దేశమున గొంత పని జరిగినది. యంత్రము కల్పించిన చిత్రములపై గుర్తు వేయవలెనను నియమములు 2026 ఫిబ్రవరి నుండి అమలునకు వచ్చినవి. ఇది మంచిదే, కాని యీ గుర్తు బియ్యము పోగొట్టుకొన్న యిల్లాలి కేమి మేలు చేయును? వర్తకుని కట్టడి చేసిన ప్రభుత్వము తన్ను తాను గూడ గట్టడి చేసికొనవలెను. మేము కోరునవి మూడు. ఒక కుటుంబపు సహాయమును నిలుపుటకు ముందు నోటీసు ఇచ్చి, ఆ నిర్ణయమున యంత్రమున కెంత పాత్ర కలదో తెలుపవలెను. మొర విని, యంత్రపు మాటను త్రోసివేయగల యధికారి యొకరు మండలమున నుండవలెను. తప్పు జరిగినచో నష్టపరిహార మెవరు చెల్లింతురో చట్టముననే వ్రాయవలెను.

ఇవి వాటియంతట రావు. మన జిల్లాలోని దూబగుంట స్త్రీలు 1992లో సారాపై తిరుగబడినప్పుడు వారిలో ననేకులు అప్పుడప్పుడే యక్షరములు నేర్చుకొనుచున్నవారు. వారి పట్టుదల జిల్లా యంతటను వ్యాపించి, 1993లో రాష్ట్రమంతట సారా నిషేధమును దెచ్చినది. కంప్యూటరు లోపలి మర్మ మెరుగనిదే ప్రశ్నింపరాదని సోదరీమణులు వెనుదీయ నక్కరలేదు. బట్టీ కాచు విధ మెరుగకయే వారు సారాను నిలిపిరి. పేరు కొట్టివేసినచో కారణమును వ్రాతపూర్వకముగా నడుగుడు. పిల్లకు దొంగ చిత్రముచే నాపద వచ్చినచో నామెను నిందింపక, 1930 ఫోనునకు ఫిర్యాదు చేయుడు. ఓటడుగ వచ్చినవారిని బియ్యపు కార్డు నెవరు తేల్చుచున్నారో, మనిషియా, యంత్రమా యని యడుగుడు. నీరు తియ్యగా నున్నప్పుడే బావికి గట్టు కట్టుకొనుట వివేకము.