పైన వేలాడే సామాను ప్లాన్‌లో ఎందుకు కనపడదు? రెవిట్‌లో చూపించేదెట్ల?

రెవిట్ కొత్తగా నేర్చుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లకు తరచుగా వచ్చే డౌట్ ఒకటి ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. సీలింగ్‌కు పెట్టిన లైటు, ఫ్యాను, ఏసీ డక్టు ఫ్లోర్ ప్లాన్‌లో ఎందుకు కనపడవు?

మహబూబ్‌నగర్ నుంచి ఒక తమ్ముడు చిన్న నర్సింగ్ హోం మోడల్ పంపిండు. ఆపరేషన్ థియేటర్‌లో లైటు పెట్టిండు, ప్లాన్‌లో కనపడలే. పడలేదేమో అనుకొని కొంచెం జరిపి ఇంకోటి పెట్టిండు, తర్వాత మరోటి. త్రీడీ తెరిస్తే టేబుల్ మీద మూడు లైట్లు! షెడ్యూల్‌లో కూడా మూడు లెక్కకొచ్చినయ్. ఆ లెక్కతో కొటేషన్ అడిగితే ఓనర్ మీద మూడు లైట్ల ఖర్చు పడతది. అందుకే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు.

అసలు కారణం ఏంది? పాత ఇంట్లో దూలానికి ఉట్టి కట్టి ఉందనుకోండి. ఆ ఇంటిని ఛాతీ ఎత్తులో అడ్డంగా కోసి, పై ముక్క పక్కన పెట్టి కిందికి చూస్తే గోడలు, పొయ్యి, గడప కనపడతయ్. ఉట్టి కనపడదు, అది పై ముక్కతోనే పోయింది. ఫ్లోర్ ప్లాన్ అంటే ఇదే. ఆ కోసే ఎత్తును రెవిట్‌లో కట్ ప్లేన్ అంటరు. మెట్రిక్ టెంప్లేట్‌లో మామూలుగా కట్ ప్లేన్ 1200 మిల్లీమీటర్లు, టాప్ 2300 ఉంటది. మన స్లాబు పదడుగులు, అంటే సుమారు 3000. లైటు ఆ హద్దు దాటి పైన ఉంటది.

మరి చూపించేదెట్ల? మూడు దారులున్నయ్.

మొదటిది, సీలింగ్ ప్లాన్ వ్యూ తెరవడం. అది పైకి చూసే ప్లాన్. లైటు పడ్డదా లేదా అని చూడాలంటే ముందు అక్కడే చూడండి.

రెండోది, వ్యూ రేంజ్. ప్రాపర్టీస్‌లో ఎడిట్ నొక్కి కట్ ప్లేన్, టాప్ పెంచొచ్చు. కానీ మొత్తం ప్లాన్‌కు పెంచితే తలుపులు, కిటికీలు సరిగా కనపడవు. అందుకే వ్యూ ట్యాబ్‌లోని ప్లాన్ రీజియన్‌తో ఆ ఒక్క గది చుట్టూ గీసి, అక్కడికే రేంజ్ మార్చండి.

మూడోది నాకు నచ్చిన పద్ధతి. లైటు ఫ్యామిలీ తెరిచి, లైటు నుంచి కిందికి నిలువుగా ఒక మోడల్ లైన్ గీయండి. దానికి ఇన్విజిబుల్ లైన్స్ స్టైల్ ఇవ్వండి. లైటు 2700లో ఉంటే, 1200లో ఉన్న కట్ ప్లేన్‌ను తాకాలంటే గీత కనీసం 1500 దిగాలి. ఇంకో రెండు మూడు వందలు ఎక్కువే దించండి. తర్వాత ఫ్యామిలీ ప్లాన్‌లో సింబాలిక్ లైన్లతో లైటు ఆకారం గీసి, 'ఓవర్‌హెడ్' అని సబ్‌కేటగిరీ చేసి, దానికి చుక్కల గీత పెట్టండి. ప్రాజెక్టులో లోడ్ చేస్తే ప్లాన్‌లో చుక్కల గీతతో కనపడతది. వద్దనుకున్న వ్యూలో వీవీ నొక్కి ఆ సబ్‌కేటగిరీకి టిక్ తీసేస్తే సరి. వ్యూ టెంప్లేట్‌లో పెడితే అన్ని ప్లాన్లకు ఒకేసారి వర్తిస్తది. అయితే టిక్ తీసినా లైటు మోడల్‌లోనే ఉంటది, షెడ్యూల్‌లోనూ ఉంటది.

ఇదంతా ఎందుకంటే, సీలింగ్ మీద చాలా మంది పని కలుస్తది. ఒకప్పటి నల్గొండ జిల్లాలోని బీబీనగర్‌లో ఇప్పుడు ఎయిమ్స్ ఉంది. అట్లాంటి ఆస్పత్రిలో థియేటర్ లైట్లు, ఏసీ డక్టులు, స్ప్రింక్లర్ పైపులు అన్నీ పైనే పోవాలి. కాగితం మీద కనపడకపోతే సైట్‌లో ఒకదానికొకటి తగులుతయ్, కట్టినంక స్లాబుకు రంధ్రాలు కొట్టాల్సి వస్తది.

చివరగా, చుక్కల గీత ఎక్కడుందో చెప్తది, ఎంత ఎత్తులో ఉందో చెప్పదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఏసీ గదిలో నేల నుంచి డక్టు లేదా ఫాల్స్ సీలింగ్ అడుగు వరకు కనీసం 2.4 మీటర్లు ఉండాలి. అందుకే గీత పక్కన ఎత్తు రాయండి, సెక్షన్ వ్యూలో ఒకసారి కొలవండి.

ఫోన్‌లో చదివి వదిలేయకుండా, ఈ రోజే సిస్టమ్ ముందు కూర్చొని ఒక్క లైటుతో చేసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.