జుట్టు రాలుతుంటే మందులన్నీ ఒకేసారి మొదలుపెట్టవచ్చా?



కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒక తమ్ముడు ఆమధ్య ఓ.పి.లో తన సంచి తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. మినాక్సిడిల్ సీసా, ఫినాస్టరైడ్ మాత్రలు, బయోటిన్ మాత్రలు, చుండ్రు షాంపూ, సన్న సూదులున్న రోలరు, ఏదో మూలికల నూనె. పెళ్లిచూపులకు మూడు నెలలే ఉందట. "అన్నీ ఒకే దినం మొదలుపెట్టినా సిస్టరమ్మా. ఇప్పుడు తలంతా మంట, గుండె దడ. వీటిలో ఏది నిలిపేయాల?" అని అడిగాడు.

ఆరూ ఒకే రోజు మొదలైతే తప్పు ఏ ఒక్కదానిదో ఎవరు చెప్పగలరు? డాక్టరు గారు అన్నీ ఆపించి, బి.పి., నాడి, ఇ.సి.జి. చూశారు. తర్వాత విచారిస్తే రోలరుతో గుచ్చుకున్న వెంటనే మినాక్సిడిల్ పూస్తున్నాడని తేలింది. గుచ్చిన చర్మం మీద పూస్తే మందు ఎక్కువగా రక్తంలోకి పోతుంది. మినాక్సిడిల్ అసలు రక్తపోటు మాత్రగా వచ్చిన మందు. అది మింగినవారికి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకు పూసే మందుగా చేశారు. అమెరికాలో 1988లో దానికి అనుమతి వచ్చింది. అలాంటిది ఎక్కువగా ఒంట్లోకి పోతే దడ రావడంలో వింత లేదు.

మందు కంటే ముందు, రాలేది ఎందుకో తెలియాలి. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు, కాన్పు అయిన కొన్ని నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. చూసేవారికి గుండె ఝల్లుమంటుంది గానీ చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. దీనికి ఒక మందా రెండు మందులా అనే ప్రశ్నే లేదు. గుండ్రటి మచ్చలుగా ఊడితే అది పేనుకొరుకుడు, దాని వైద్యం వేరు. మన ఊళ్లో ముగ్గురాయి దుమ్ము వల్లే బట్టతల వస్తోందని చాలామంది అంటారు. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేటు, కడుపు ఎక్స్‌రేకు తాగించేదీ అదే. దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు కట్టుకోండి. బట్టతల మాత్రం వంశం నుంచి, హార్మోను నుంచి వస్తుంది.

ఇక నుదుటి మూలల నుంచి, నడినెత్తి నుంచి పలచబడే మగవారి సంగతి. వీరికి మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ రెండూ పనిచేస్తాయి. పనిచేసే దారులు వేరు కాబట్టి ఒక్కటి వాడినదాని కంటే రెండూ కలిపి వాడితే ఫలితం మెరుగని పరీక్షల్లో తేలింది. కనుక కలపడం తప్పు కాదు. ఒకే రోజు మొదలుపెట్టడమే చిక్కు.

నా అభిప్రాయం ఇది. రెండు మందుల మధ్య మూడు నాలుగు వారాలు ఎడం ఉంచండి, ఆరు నెలలు వద్దు. దురద, మంట, దడ, ముఖం వాపు వంటివి చాలావరకు మొదటి వారాల్లోనే బయటపడతాయి. ఏ మందు పడలేదో అప్పుడు తెలుస్తుంది. మేలు కనిపించడానికి మాత్రం నాలుగు నుంచి ఆరు నెలలు, ఫినాస్టరైడ్‌కు ఒక్కోసారి ఏడాది పడుతుంది. మేలు తేలేదాకా ఒక్కోదానికీ ఆగితే ఆ లోపల ఉన్న జుట్టూ పోతుంది. ఇంకొకటి గుర్తుంచుకోండి. మినాక్సిడిల్ మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో జుట్టు ముందుకంటే ఎక్కువ రాలవచ్చు. పాత వెంట్రుక పోయి కొత్తది రావడానికే అది. అప్పుడు భయపడి సీసా పారేసినవారిని చాలామందిని చూశాను.

ఫినాస్టరైడ్ డాక్టరు చీటీ లేకుండా వద్దు. కొందరికి దాంపత్య కోరిక తగ్గుతుంది, మనసు దిగులుగా ఉంటుంది. సిగ్గుపడి దాచకండి, చెప్పండి. ప్రొస్టేటుకు చేసే పి.ఎస్.ఎ. రక్తపరీక్ష ఫలితాన్ని ఇది దాదాపు సగానికి తగ్గిస్తుంది కాబట్టి ఆ పరీక్షకు ముందు ఈ మాట తప్పక చెప్పాలి. వాడుతుండగా, మానిన తర్వాత నెల వరకు రక్తదానం చేయకూడదు. గర్భవతులు విరిగిన మాత్రను చేత్తో కూడా ముట్టకూడదు, కడుపులోని మగబిడ్డకు ప్రమాదం. డబ్బు మిగులుతుందని 5 మి.గ్రా. మాత్రను ఇంట్లో కత్తిపీటతో ముక్కలు చేసేవారున్నారు. కోడలు కడుపుతో ఉన్న ఇంట్లో ఆ పని అసలు చేయకండి.

ఆడవారికి ఎడం పాటించవలసిన జత వేరే ఉంది. రక్తం తక్కువ, థైరాయిడ్ రెండూ ఉన్న చెల్లెళ్లు ఐరన్ మాత్ర, థైరాయిడ్ మాత్ర పొద్దున్నే ఒకే గుక్కలో మింగేస్తారు. ఐరన్ థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వదు. కనీసం నాలుగు గంటల ఎడం కావాలి. టీతో ఐరన్ వేసుకుంటే అదీ సరిగా పట్టదు. బయోటిన్ వాడేవారు థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు మానాలి, లేకపోతే రిపోర్టు తప్పుగా రావచ్చు. పాలిచ్చే తల్లులు మినాక్సిడిల్ పూసుకోవద్దు.

మందు కొనేముందు ఖర్చు లెక్క వేసుకోండి. మానేస్తే పెరిగిన జుట్టు కొన్ని నెలల్లో మళ్లీ రాలిపోతుంది. రెండూ ఏళ్లతరబడి కొనలేకపోతే డాక్టరును అడిగి ఒక్కటే విడవకుండా వాడడం మేలు.

ఆ తమ్ముడికి దడ తగ్గాక డాక్టరు గారు ముందు ఫినాస్టరైడ్ ఒక్కటే రాశారు. నెల తర్వాత మినాక్సిడిల్, పొడి తల మీద, రోలరు లేకుండా. నూనె ఆదివారం తలంటుకు మాత్రమే. పెళ్లిచూపుల నాటికి జుట్టు రాదని నేనే చెప్పాల్సి వచ్చింది. "అయితే టోపీ పెట్టుకోనా?" అన్నాడు. వద్దు, ఉన్నది ఉన్నట్టే పో నాయనా అన్నాను. మీలో ఎవరైనా ఇలాంటి మందులు వాడుతుంటే, ఓ.పి.కి వచ్చేటప్పుడు చీటీతో పాటు సంచి కూడా తెండి. నూనె సీసాతో సహా.