రెండో షిఫ్ట్ ఎందుకు?

ల్యాప్‌టాప్ కీబోర్డు మీద చోటుకు కటకట. బాణం మీటల్ని కుదించేస్తారు, అంకెల గడిని చిన్న మోడళ్లలో ఎత్తేస్తారు. రెండు షిఫ్ట్‌లలో ఒకదాన్ని తీసేసే జోలికి మాత్రం దాదాపు ఎవరూ పోరు. ఎడమ ఒకటి, కుడి ఒకటి ఉండాల్సిందే.

షిఫ్ట్ టైపు మిషన్ నుంచి వచ్చింది. 1878 నాటి రెమింగ్టన్ నంబర్ 2లో ఒకే మీటకు పెద్దక్షరం, చిన్నక్షరం రెండూ అమర్చారు. షిఫ్ట్ నొక్కితే కాగితం ఉన్న క్యారేజీ నిజంగానే జరిగేది. అక్షరం కుడిచేతిదైతే ఎడమ షిఫ్ట్, ఎడమచేతిదైతే కుడి షిఫ్ట్ నొక్కాలని టైపు నేర్పేవాళ్లు చెబుతారు. షిఫ్టూ అక్షరమూ ఒకే చేత్తో నొక్కి చూడండి, మణికట్టు ఎలా మెలితిరుగుతుందో!

తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్‌లో ఈ లెక్క మరీ స్పష్టం. గుణింతాలు ఎడమచేతి కింద, హల్లులు చాలావరకు కుడిచేతి కింద ఉంటాయి. ఇంగ్లీషు ‘ఇ’ మీట దీర్ఘం, షిఫ్ట్‌తో ఆ. ‘కె’ మీట క, షిఫ్ట్‌తో ఖ. ‘ఆఖరు’ అని కొట్టాలంటే మొదటి అక్షరానికి కుడి షిఫ్ట్, రెండోదానికి ఎడమ షిఫ్ట్ పనిచేయాలి.

1981లో వచ్చిన ఐబీఎం పీసీకి షిఫ్ట్‌లు రెండు. కంట్రోల్, ఆల్ట్ మాత్రం ఒక్కొక్కటే. 1980ల మధ్యలో 101 మీటల కీబోర్డుతో వాటికీ జోడీ కుదిరింది.

పేరు ఒకటే అయినా కంప్యూటర్‌కు ఇవి వేర్వేరు మీటలు. యూఎస్‌బీ కీబోర్డు ప్రామాణిక పద్ధతిలో పంపే సమాచారంలో మొదటి బైటు వీటిదే: ఎడమవాటికి 4 బిట్లు, కుడివాటికి 4. విండోస్‌లో ఇంగ్లీషు-ఇండియా లేఅవుట్ పెట్టుకుని కుడి ఆల్ట్‌తో పైవరుస 4 నొక్కితే రూపాయి గుర్తు పడుతుంది. ఎడమ ఆల్ట్ ఒక్కదానితో పడదు. కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్ ఆన్ చేయాలా అని విండోస్ అడుగుతుంది, ఎడమది పట్టుకుంటే ఉలకదు పలకదు. అంకెలూ అంతే. ఆల్ట్ పట్టుకుని 0176 కొడితే డిగ్రీ గుర్తు వచ్చేది అంకెల గడిలోనే, పైవరుసలో కాదు.

2024 నుంచి కొన్ని ల్యాప్‌టాప్‌లలో కుడి కంట్రోల్ స్థానంలోకి కోపైలట్ మీట వచ్చింది. ఎడమచేయి సరిగా ఆడనివారికి ఇది నిజమైన నష్టం. కొనేముందు ప్రాసెసర్ గురించి అడిగినట్టే కీబోర్డు కుడివైపునూ ఒకసారి చూసుకోండి.