ఒక్క లెన్స్ అన్ని పనులకూ చాలునా?

నేడు దాదాపు ప్రతి ఇంటా ఫోను ఉన్నది, ఫోను ఉన్నచోట కెమెరా కూడా ఉన్నది. అయినప్పటికీ పెళ్లి ఫోటోలు తీయటాన్ని జీవనోపాధిగా ఎంచుకునే మన యువకులకు విడి కెమెరా, దానికి తగిన లెన్స్ తప్పనిసరి పెట్టుబడి. కెమెరా కొన్న కొద్ది నెలలకే వారి ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది: రెండు మూడు లెన్సులు సమకూర్చుకోవాలా, లేక దగ్గరి దృశ్యం మొదలు దూరపు దృశ్యం వరకు అన్నింటినీ పట్టే ఒక్క జూమ్ లెన్స్‌తో సరిపెట్టుకోవాలా?

వెంకటాచలంలో మా మద్రసాలో చదువుకొని, ఇప్పుడు నెల్లూరులో ఒక స్టూడియోలో సహాయకునిగా పనిచేస్తున్న ఒక యువకుని తండ్రి గత శీతాకాలంలో ఇదే ప్రశ్నతో నా వద్దకు వచ్చారు. రొయ్యల చెరువుల మీద పనిచేసి కూడబెట్టిన సొమ్ము అది. కూతురి పెళ్లి కూడా దగ్గరపడింది. "మౌల్వీ సాబ్, మీరు పిల్లలకు కాంతి పాఠం చెబుతారు గదా! వీడు అడిగే లెన్స్ ఒక్కటి కొనిస్తే చాలంటున్నాడు. నిజంగా చాలుతుందా? ఆరు నెలల తరువాత ఇంకొకటి అడిగితే నేనెక్కడ తెచ్చేది?" అని ఆయన అడిగారు.

ప్రాణుల ఛాయాచిత్రాల విషయమై ఉలమాల మధ్య గల అభిప్రాయభేదం పాఠకులకు తెలిసినదే. దానిని ఇక్కడ విప్పబోను. ఇప్పటికే ఆ వృత్తిలో ఉన్న ఒక కుటుంబపు కష్టార్జితం వృథా కాకుండా చూడటమే నా ఉద్దేశ్యం.

ఆ అబ్బాయి కోరినది 18-200 అనే రకం. ఈ అంకెలు లెన్స్ నాభ్యంతరాన్ని, అంటే ఫోకల్ లెంగ్త్‌ను, మిల్లీమీటర్లలో చెబుతాయి. 18 వద్ద గది మొత్తం చిత్రంలో ఇముడుతుంది. 200 వద్ద గదికి అవతలి మూలన కూర్చున్న మనిషి ముఖం మాత్రమే నిండుగా కనిపిస్తుంది. ఒక కొసకూ మరొక కొసకూ పదకొండు రెట్ల తేడా. ఇటువంటి ఆలోచన కొత్తదేమీ కాదు. టామ్రాన్ సంస్థ 1992లోనే 28-200 లెన్స్‌ను తెచ్చింది. నికాన్ 2005లో ప్రకటించిన 18-200 లెన్స్ ఎంతో ఆదరణ పొందింది. దానిలో 16 గాజు కటకాలున్నవి, బరువు 560 గ్రాములు. 2017లో టామ్రాన్ ఏకంగా 18-400 వరకు వెళ్లింది.

స్టూడియో యజమానిని అడిగి ఆ అబ్బాయి ఒక 18-200 లెన్స్‌ను రెండు వారాలకు తెచ్చాడు. దానితో మేము మొదట వెళ్లినది దక్షిణాన దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల కేంద్రానికి. అక్కడ ఈ లెన్స్ మేలు కన్నులారా చూశాను. చెరువు నీటిలో నిలిచిన చెట్లన్నీ గూడకొంగలతో నిండిన దృశ్యం ఒక క్షణం, తలమీదుగా ఎగిరే ఒక్క పక్షి మరుక్షణం. చేతి మలుపుతో రెండూ దక్కుతాయి. విడి లెన్సులైతే ఒకటి విప్పి మరొకటి బిగించేలోగా పక్షి వెళ్లిపోతుంది. పైగా మన కోస్తాలో ఉప్పు గాలి, జాతీయ రహదారి లారీల దుమ్ము ఎక్కడికి వెళ్లినా వెన్నంటి ఉంటాయి. లెన్స్ విప్పిన ప్రతిసారీ ఆ దుమ్ము కెమెరా గుండెకాయ వంటి సెన్సార్ మీదకు చేరే ప్రమాదమున్నది. మొహర్రం రోజులలో నెల్లూరు స్వర్ణాల చెరువు వద్ద రొట్టెల పండుగకు వచ్చే జనసందోహంలో పనిచేసే పత్రికా ఛాయాగ్రాహకుల అవస్థను ఊహించండి. మోకాలి లోతు నీటిలో, నలువైపులా తోపులాటలో రెండవ లెన్స్‌ను సంచి నుండి తీయటమెలా?

అయితే నేలపట్టులోనే దాని హద్దు కూడా తెలిసింది. గూడకొంగ మీటరున్నర వరకు పొడవుండే పెద్ద పక్షి. అది 60 మీటర్ల దూరాన గూటిలో ఉంటే, 200 వద్ద కూడా చిత్రపు వెడల్పులో అయిదవ వంతే ఆక్రమిస్తుంది. 400 లెన్స్ అయితే ఇందుకు రెట్టింపు. పిల్లల నోట ఆహారం పెట్టే తల్లిపక్షిని నిండుగా పట్టాలనుకునేవారికి 18-200 చాలదు.

అసలు పరీక్ష మగ్రిబ్ నమాజు తరువాత జరిగిన ఒక నికాహ్‌లో ఎదురయింది. మస్జిద్‌లో రెండు ట్యూబులైట్ల వెలుగు. ఖుత్బా సాగుతుండగా ఫ్లాష్ మెరిపించటం మర్యాద కాదని నేను ముందే చెప్పి ఉంచాను. వరుడు నికాహ్‌నామాపై సంతకం చేస్తున్న చిత్రంలో ముఖం స్పష్టంగానే ఉన్నది గాని, చేయి మాత్రం పొగవలె అలుక్కుపోయింది.

దీనికి కారణం లెన్స్ రంధ్రం, అనగా అపెర్చర్. నాభ్యంతరాన్ని అపెర్చర్ సంఖ్యతో భాగిస్తే రంధ్రపు వ్యాసం వస్తుంది. 50 మిల్లీమీటర్ల విడి లెన్స్‌కు సాధారణంగా ఉండే సంఖ్య 1.8, కనుక దాని రంధ్రం 28 మిల్లీమీటర్లు. అన్నీ చేసే జూమ్‌ను 50 వద్ద ఉంచితే ఆ సంఖ్య దాదాపు 5 అవుతుంది, రంధ్రం 10 మిల్లీమీటర్లే. వైశాల్యంలో, కాబట్టి లోనికి వచ్చే వెలుగులో, ఇది ఎనిమిదవ వంతు. సెకనులో 125వ వంతు కాలంలో తీయగలిగిన చిత్రానికి ఇప్పుడు సెకనులో 15వ వంతు కావాలి. కదిలే చేయి అంతసేపు ఆగదు. కుదుపును సరిచేసే ఏర్పాటు లెన్స్‌లో ఉన్నది కదా అని అబ్బాయి అన్నాడు. అది తీసేవాని చేతి వణుకును ఆపగలదు, పెళ్లికొడుకు చేతిని ఆపలేదు. కెమెరా సున్నితత్వాన్ని పెంచుకోవచ్చు, కాని అప్పుడు చిత్రంపై ఇసుక చల్లినట్లు చుక్కలు తేలుతాయి.

రంధ్రం గురించిన ఈ బేరం ఎంత పాతదో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బస్రాలో 965 ప్రాంతంలో జన్మించి కైరోలో 'కితాబుల్ మనాజిర్' రచించిన ఇబ్నుల్ హైసమ్, సూర్యగ్రహణం వేళ సన్నని రంధ్రం గుండా గోడపై పడే చంద్రవంక వంటి ప్రతిబింబాన్ని పరిశీలించారు. రంధ్రం పెద్దదయ్యేకొద్దీ వంక ఆకారం చెరిగిపోతుందని విశదీకరించారు. రంధ్రం తగ్గితే స్పష్టత, పెరిగితే వెలుగు. ఆ తరువాత గాజు కటకాలు వచ్చి, పెద్ద రంధ్రంతోనూ స్పష్టత సాధ్యమైనది. కాని ఆ గాజుకు బరువుంటుంది, ధర ఉంటుంది. 70-200 హద్దులో 2.8 సంఖ్య నిలుపుకునే లెన్సులలో కొన్ని సుమారు ఒకటిన్నర కిలో తూగుతాయి. వాటితో గది మొత్తం పట్టనూ పట్టదు.

మిగిలిన లోపాలు చిన్నవి. 18 వద్ద చిత్రం అంచులలోని తలుపులు, స్తంభాలు ఉబ్బినట్లు వంగుతాయి. 200 వద్ద మూలలు కొంత మసకబారుతాయి. వీటిని కంప్యూటర్‌లో చాలవరకు సవరించవచ్చు. రాని వెలుగును మాత్రం ఏ కంప్యూటరూ తేలేదు.

తీర్మానానికి ముందు అబ్బాయికి ఒక పని అప్పగించాను. అంతకు ముందు సంవత్సరం తాను తీసిన పెళ్లి చిత్రాలను తెరచి చూడమన్నాను. ప్రతి చిత్రపు వివరాలలో అది ఏ నాభ్యంతరం వద్ద తీయబడిందో నమోదై ఉంటుంది. అత్యధికం 24కూ 70కూ మధ్యనే, అదీ రాత్రివేళ షాదీఖానా లోపల తీసినవే. 135 దాటినవి వేళ్ల మీద లెక్కించదగినన్ని. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ వాని వద్ద ఉండనే ఉన్నది. కనుక ముందు 50 మిల్లీమీటర్ల 1.8 లెన్స్ కొనమనీ, పగటి వలీమాలకు, ఆరుబయటి పనులకు ఆ జూమ్‌ను అద్దెకు తీసుకోమనీ చెప్పాను. తండ్రి ఊపిరి పీల్చుకున్నారు. కొడుకు మాత్రం నాలుగు రోజులు ముఖం ముడుచుకునే తిరిగాడు.

వృత్తి కాక, కుటుంబంతో ప్రయాణాలకు, మైపాడు సముద్రతీరానికి, పిల్లల ఆటల పోటీలకు కెమెరా తీసుకువెళ్లే వారి లెక్క వేరు. వారికి పగటి వెలుగు పుష్కలం, సంచి తేలికగా ఉండాలి, భుజాన పసిపాప కూడా ఉండవచ్చు. అటువంటివారు నిస్సంకోచంగా ఒక్క లెన్స్‌నే ఎంచుకోవచ్చునని నా అభిప్రాయం.

పాతది కొనేవారు రెండు పరీక్షలు చేయాలి. లెన్స్‌ను క్రిందికి వంచి పట్టుకుంటే గొట్టం దానంతటదే జారుతున్నదేమో చూడండి. అది అరుగుదలకు గుర్తు, కొంత ధర తగ్గించి అడగవచ్చు. తరువాత ఒక కొస నుండి టార్చి వేసి రెండవ కొస నుండి లోనికి చూడండి. మన సముద్రతీరపు తేమకు గాజు మీద సాలెగూడు దారాల వంటి బూజు పెరుగుతుంది. ఆ దారాలు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.