మోడు పూయాలంటే చలి కావాలి

'మోడు' అనే మాట వింటే మనకు దిగులే గుర్తొస్తుంది. కొన్ని మొక్కలకు మాత్రం మోడుగా ఉండటమే విశ్రాంతి. ఆకు రాల్చే అజేలియాలు అలాంటివే. చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి, వసంతంలో కొత్త ఆకుకు ముందో, ఆకుతోపాటో కొమ్మ నిండా పూస్తాయి. పసుపు, నారింజ రంగులకు ఇవే పేరున్న రకాలు.

వీటి గురించి నేను చదవడానికి కారణం మా పిన్ని. అట్లాంటాలో పదేళ్లుండి, నిరుడు బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌కు వచ్చేసింది. అక్కడి పెరట్లో పూసిన నారింజ అజేలియా ఇక్కడా కావాలంటుంది. "బెంగళూరు చల్లగానే ఉంటుందిగా, ఎందుకు రాదే?" అని అడిగింది.

మనకు చల్లదనం వేరు, ఆ మొక్కకు చలి వేరు. దాని మొగ్గ నిద్రపోయి మళ్లీ సరిగ్గా లేవాలంటే కొన్ని వారాలపాటు పది డిగ్రీల లోపు చలి తగలాలి. అట్లాంటాలో జనవరి రాత్రులు సున్నా దగ్గరికి దిగుతాయి. బెంగళూరులో అదే జనవరిలో రాత్రి మామూలుగా 15 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఎంత ఎరువు వేసినా ఆ చలి లోటు తీరదు.

మరి బ్రూక్‌ఫీల్డ్ పక్కనే కుందలహళ్లి వైపు గులాబీరంగు టబెబుయాలు ఆకు రాల్చి మరీ పూస్తాయి కదా? అవి వేడి దేశాల చెట్లు. వాటిని నిద్రపుచ్చేది చలి కాదు, వానలు లేని పొడి కాలం. ఆకు రాలడం ఒకటే అయినా కారణాలు వేరు.

అందుకే పిన్నికి ఏడాదంతా ఆకులుండే అజేలియాను కుండీలో పెంచమన్నా. దాని పద్ధతి ఇది:

కుండీ లోతుకన్నా వెడల్పుగా ఉండాలి. ఈ మొక్క వేళ్లు జుట్టంత సన్నంగా, పైపైనే పాకుతాయి. ఎర్రమట్టిలో ఆకు ఎరువు, కొబ్బరి పొట్టు బాగా కలపాలి. మొక్కను లోతుగా పాతకూడదు, మొదట్లో తవ్వకూడదు. పైన ఎండుటాకులు పరిస్తే చాలు. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి.

అసలు చిక్కు నీళ్లతోనే. దీనికి పులుపు నేల కావాలి. కుళాయి మూతికి తెల్లటి పొర కడుతుందంటే ఆ బోరు నీళ్లలో సున్నం ఎక్కువని అర్థం. ఆ నీళ్లే పోస్తూ ఉంటే ఆకు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుమున్నా వేరు తీసుకోలేదన్నమాట. వాన నీళ్లు పట్టి పోయడం మంచిది. మనకు అలవాటైన బూడిద, గుడ్డు పెంకులు దీనికి వేయకూడదు, అవి పులుపును విరిచేస్తాయి.

'అజేలియా' అంటే గ్రీకులో 'పొడి' అని అర్థమట! పేరు నమ్మి ఎండబెడితే మాత్రం బతకదు. మట్టి తడిగా ఉండాలి, కుండీలో నీళ్లు నిలవకూడదు.

కొమ్మలు కత్తిరించాలంటే పూలు వాడిన వెంటనే కత్తిరించాలి. ఆలస్యం చేస్తే వచ్చే ఏటి మొగ్గల్నే కోసేసినట్టు.

ఇంకో మాట. అజేలియా ఆకులో, పువ్వులో, తేనెలో కూడా విషం ఉంటుంది. పిన్ని ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. అందుకే కుండీని పాపకు అందని ఎత్తులో పెట్టమని ముందే చెప్పా. మీ ఇంట్లో పసిపిల్లలో, కుక్కో ఉంటే మీరూ అలాగే చేయండి.