ఆనాటి ఆటగాడు గొప్పా? ఈనాటి ఆటగాడు గొప్పా?

క్రికెట్ గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఈ వాదన తప్పదు. "బ్రాడ్‌మన్ ముందు ఇప్పటివాళ్లెంత?" అని ఒకరంటే, "ఇప్పటి బౌలింగ్ ముందు బ్రాడ్‌మన్ నిలిచేవాడా?" అని మరొకరంటారు. అమెరికాలో ఇలాంటి వాదనే బేస్‌బాల్ గురించి ఎంతోకాలంగా సాగుతోంది. ఆ ఆటకు 19వ శతాబ్దం నుంచీ లెక్కలు రాసిపెట్టి ఉన్నాయి. కాబట్టి అక్కడ గొంతు పెంచి కాక, పెన్సిలు పట్టుకుని వాదించవచ్చు. ఎలాగో చూద్దాం.

ముందు ఆట గురించి రెండు మాటలు. పిచర్ బంతి విసురుతాడు. బ్యాటర్ దాన్ని కొట్టి, ఔట్ కాకుండా 'బేస్' చేరుకుంటే అది ఒక 'హిట్'. బంతిని మైదానం అవతలికి కొడితే 'హోమ్ రన్'. అది మన సిక్సర్ లాంటిది. హిట్ల సంఖ్యను లెక్కలోకి వచ్చిన అవకాశాల సంఖ్యతో భాగిస్తే బ్యాటింగ్ సగటు వస్తుంది. 1941లో టెడ్ విలియమ్స్ 456 అవకాశాల్లో 185 హిట్లు కొట్టాడు. భాగించి చూడండి: 0.406.

ఉత్త అంకె ఏమీ చెప్పదు

మీ అన్నయ్యకు పదేళ్ల క్రితం లెక్కల పరీక్షలో 80 మార్కులు వచ్చాయనుకుందాం. ఇప్పుడు మీకు 60 వచ్చాయి. అన్నయ్యే తెలివైనవాడా? తొందరపడకండి. అన్నయ్య తరగతి సగటు 60, మీ తరగతి సగటు 45 అయితే? 80ని 60తో, 60ని 45తో భాగించండి. రెండుసార్లూ 1.33 వస్తుంది. మీ ప్రశ్నపత్రం కఠినమైనది, అంతే!

బేస్‌బాల్‌లో అచ్చంగా ఇలాగే జరిగింది. 1930లో నేషనల్ లీగ్‌లో బిల్ టెర్రీ సగటు 0.401. 1968లో అమెరికన్ లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచిన కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ సగటు 0.301 మాత్రమే. ఎంత తేడా! అయితే 1930లో ఆ లీగ్ మొత్తం సగటే 0.303. 1968లో రెండో లీగ్ సగటు 0.230. భాగిస్తే టెర్రీకి 1.32, యాస్ట్రెమ్‌స్కీకి 1.31. ఇద్దరూ తమ తోటివారికన్నా ఇంచుమించు ఒకే మోతాదులో ముందున్నారన్నమాట.

1968లో పిచర్లు 15 అంగుళాల ఎత్తు దిబ్బ మీద నిలబడి బంతి విసిరేవారు. బ్యాటర్లు మరీ తేలిపోతున్నారని 1969లో ఆ ఎత్తును 10 అంగుళాలకు తగ్గించారు. ప్రశ్నపత్రం మార్చినట్టే కదా!

ఇదే కొలత బేబ్ రూత్‌కు పెట్టి చూడండి. 1920లో అతడు ఒక్కడే 54 హోమ్ రన్లు కొట్టాడు. అతని లీగ్‌లోని మిగిలిన ఏడు జట్లలో ఏ జట్టూ, ఆటగాళ్లందరినీ కలిపినా, అన్ని కొట్టలేదు! 2022లో ఆరన్ జడ్జ్ 62 కొట్టాడు. అంకె పెద్దదే. కానీ ఆ ఏడు అన్నిటికన్నా వెనకబడిన జట్టు కూడా అంతకన్నా ఎక్కువే కొట్టింది.

400 ఎందుకు మాయమైంది?

విలియమ్స్ తర్వాత అమెరికన్, నేషనల్ లీగుల్లో ఎవరూ 0.400 అందుకోలేదు. 1994లో టోనీ గ్విన్ 0.394 దాకా వచ్చి ఆగాడు. "ఆటగాళ్లలో పస తగ్గింది" అని పాతకాలం అభిమానులు తేల్చేశారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జీవపరిణామ శాస్త్రం బోధించిన స్టీఫెన్ జే గూల్డ్ మాత్రం సరిగ్గా దీనికి ఎదురుగా చెప్పాడు. ఆట మెరుగుపడింది కనుకనే 400 మాయమైందన్నాడు!

అదెలాగంటే, మీ బడిలో ఈ ఏడు ఒక కొత్త ఆట మొదలుపెట్టారనుకోండి. ఒకరిద్దరికి అది చకచకా పట్టుబడుతుంది. చాలామంది తడబడతారు. ఆ ఒకరిద్దరూ ఆకాశంలో ఉన్నట్టు కనిపిస్తారు. అయిదేళ్లు అందరికీ మంచి శిక్షణ ఇస్తే తడబడేవారు మెరుగవుతారు. ముందున్నవారు మరీ అంత మెరుగు కాలేరు. మనిషి కండకూ కంటికీ ఒక హద్దుంది, వారు దాని దగ్గరికి ముందే చేరారు. కాబట్టి మధ్యనున్న ఎడం తగ్గిపోతుంది.

ఈ ఎడాన్ని కొలిచే సాధనాన్ని సాంఖ్యక శాస్త్రంలో 'ప్రామాణిక విచలనం' అంటారు. బ్యాటింగ్ సగటుల్లో అది తొలినాళ్లలో సుమారు 0.050 ఉండగా, తర్వాత సుమారు 0.030కి దిగిందని గూల్డ్ చూపాడు. సాధారణ సగటు మాత్రం చాలాకాలం 0.260 దరిదాపుల్లోనే ఉంది. బ్యాటర్లతోపాటు పిచర్లూ మెరుగయ్యారు మరి! ఇప్పుడు సగటుకు మూడు విచలనాలు పైనున్న మేటి ఆటగాణ్ణి ఊహించండి. తొలినాళ్లలో అతని సగటు 0.260 + 0.150 = 0.410. తర్వాతి కాలంలో 0.260 + 0.090 = 0.350. మనిషి అంతే మేటి, అంకె మాత్రం దిగింది.

లెక్కలో లేనివారు

ఇంతదాకా తోటివారితో పోల్చి చూడమన్నాం. ఆ తోటివారు ఎవరు? పెద్ద లీగుల్లోకి దశాబ్దాల తరబడి నల్లజాతివారిని రానివ్వలేదు. రాసిన నిబంధన ఏదీ లేదు, జట్ల యజమానుల మధ్య కట్టుబాటు ఉండేది. రూత్ తన లీగ్‌లో ఆడిన ఆటలన్నీ ఆ కాలంలోనివే. నల్లజాతి ఆటగాళ్లు 'నీగ్రో లీగ్స్' అనే వేరే లీగుల్లో ఆడారు. వారిలో జాష్ గిబ్సన్ మేటి. అతడు 1947 జనవరి 20న, 35 ఏళ్ల వయసులో మరణించాడు. మూడు నెలలైనా గడవకముందే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో అడుగుపెట్టి ఆ గోడను పడగొట్టాడు.

2024 మేలో ఆ లీగుల లెక్కలను పెద్ద లీగుల లెక్కల్లో చేర్చారు. దాంతో జీవితకాలపు సగటులో 0.372తో గిబ్సన్ మొదటి స్థానానికి వచ్చాడు. అంతవరకూ 0.367తో టై కాబ్ అక్కడ ఉండేవాడు. ఇక్కడా ఒక జాగ్రత్త అవసరం. నీగ్రో లీగ్స్‌లో ఒక సీజన్‌కు లెక్కకొచ్చే ఆటలు తక్కువ. నాణేన్ని 10 సార్లు ఎగరేస్తే 7 బొమ్మలు పడటం వింత కాదు, 1000 సార్లలో 700 పడితే వింత. అందుకే 1943లో గిబ్సన్ సాధించిన 0.466ను కాస్త ఆలోచించి చూడాలి. అనేక సీజన్ల మీద తీసిన 0.372ను మాత్రం తేలిగ్గా తీసిపారేయలేం.

ఇంతకీ ఎవరు గొప్ప? ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఆట స్థాయి ఎప్పుడు ఎక్కువ అంటే, ఈనాడే. తన కాలంలో తోటివారిని ఎవరు ఎక్కువగా మించారు అంటే, ఆనాటి మేటివారు. కానీ వారు మించింది ఆడనిచ్చిన వారినే, ఆడగలిగిన వారందరినీ కాదు.

మీరూ ఈ లెక్క చేసి చూడండి. మీ తరగతి త్రైమాసిక, అర్ధసంవత్సర పరీక్షల మార్కుల సగటులు కట్టి, మీ మార్కులను వాటితో భాగించండి. మీరు నిజంగా ముందుకెళ్లారో, ప్రశ్నపత్రమే తేలికైందో తెలుస్తుంది. సగటు కట్టేముందు మాత్రం ఒకటి మరవకండి: ఆ రోజు పరీక్ష రాయలేకపోయిన వారెందరు?